రౌడీ షీటు

పిండికట్టు కోసే రంపం సంచిలో పెట్టుకుని ఆ ఇంటి గేటు తీస్తుంటే, కాంపౌండరుకి మొదటిసారిగా భయం వేయలేదు. రౌడీ పోయి అప్పటికి నాలుగు రోజులైంది.

రౌడీ ఆ ఇంటి కుక్క. కట్టు మార్చడానికి అతను ఎప్పుడొచ్చినా, "లోపల కట్టేశాను తమ్ముడూ, కొత్తవాళ్ళని చూస్తే ఆగదు," అనేవారు ఇంటాయన. మొరుగు కూడా వినపడేది కాదు. చప్పుడు లేకుండా మీదపడే రకమన్నమాట అనుకుని కాంపౌండరు ఇంకా భయపడేవాడు.

దాని ఘనకార్యాలన్నిటికీ కట్లు కట్టింది అతనే మరి. ఎముకల ఆస్పత్రిలో ఆ ఇంటి ఇల్లాలి ఫైలుకి 'రౌడీ షీటు' అని పేరు పెట్టింది కూడా అతనే. మొదటి పేజీలో చిటికెన వేలు: గొలుసు చుట్టుకుని లాక్కుపోయింది. తర్వాత కనుబొమ్మ: ఎగిరి తలతో కుమ్మింది, ఏడు కుట్లు. ఆ తర్వాత మెట్ల మీద కాళ్ళకు అడ్డంపడింది, రెండు పక్కటెముకలు. ఒకసారి ఆమె ఉమ్మితే రక్తంతో పాటు ముందుపన్ను ట్రేలో టంగుమని పడింది. చిత్రం ఏమిటంటే, పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా కరవలేదు.

"కరిచే రకం కాదు సార్, కుస్తీ రకం," అని డాక్టరుగారితో జోకేసేవాడు.

ఎలా తగిలిందో చెప్పేది ఎప్పుడూ భర్తే. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. బ్రేకనుకుని ఏక్సిలరేటరు తొక్కేసే శిష్యులతో కూడా "పర్లేదమ్మా, మళ్ళీ చూద్దాం," అంటారు. కాంపౌండరు కారు నేర్చుకున్నది ఆయన దగ్గరే. కుక్కని ఆపబోయి ఆయన వేళ్ళ కణుపులు చిట్లినప్పుడల్లా వాటికీ మందు రాసి పంపేవాడు.

ఆమెది మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "పాపం, దాని తప్పేం లేదండీ."

పెంచిన మమకారం అంతే కాబోలు అనుకునేవాడు.

ఐదు వారాల కిందట ఆమె చెయ్యి, మోచేతికీ మణికట్టుకీ నడుమ ఇంకో మోచేయి మొలిచినట్టు వంగిపోయి వచ్చింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇంకోసారి ఈ కుక్క పేరు నా చెవిన పడితే పోలీసులకి రాస్తాను."

కాంపౌండరు మాస్టారిని పక్కకి తీసుకెళ్ళాడు. "చనువుకొద్దీ చెబుతున్నా సార్. అమ్మగారి ప్రాణం తీసేదాకా చూస్తూ కూర్చుంటారా? ముందు దాన్ని వదిలించుకోండి."

మాస్టారు కళ్ళు తుడుచుకుని తలూపారు.

ఇప్పుడు గుమ్మంలోనే ఎదురొచ్చి అతని చేతులు పట్టుకున్నారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నువ్వన్నట్టే చేశాను తమ్ముడూ. జాకీ రాడ్డుతో."

"ఒక్క దెబ్బకి పోయిందా సార్?"

"నాలుగో దెబ్బకి చప్పుడాగింది. నా చెయ్యే ఆగలేదు. పెరటిగోడ రెండుసార్లు కడిగాను, ఇంకా మరక పోలేదు."

"దూడంత ప్రాణం కదండీ మరి."

మాస్టారు కాదనలేదు. "ఫొటోలు కూడా కాల్చేశాను. చూస్తే తట్టుకోలేను," అని ముక్కు తుడుచుకున్నారు.

ఇంతలో ఫోను మోగింది. "కంగారెందుకు నాన్నా, క్లచ్ మీంచి కాలు మెల్లిగా తియ్యాలి..." అంటూ వరండాలోకి వెళ్ళారు.

హాల్లో, మాస్టారి హెల్మెట్ తగిలించిన కొక్కెం కింద కుర్చీ వేసుకుని కూర్చుంది ఆమె. కాంపౌండరు ఆమె చెయ్యి బల్లమీద పెట్టి రంపం మొదలెట్టాడు. తెల్లటి పొడి రాలుతోంది.

"వదిలించుకోమని మీరే చెప్పారట కదా," అందామె.

"మీ మంచికేనమ్మా."

"ఉరుము ఉరిమినా జడుసుకుని నా వెనకాల దాక్కునేదండీ. నాకు దెబ్బ తగిలిందంటే పొద్దుపోయేదాకా నాకుతూనే ఉండేది."

కొట్టడం, ఆనక నాకడం! గడుసుదే, అనుకున్నాడు కాంపౌండరు. పైకి మాత్రం, "బాధపడకండమ్మా. ఇవాళ్టితో మీ షీటు మూసేస్తాం," అన్నాడు.

"అంటే ఇక నేను ఆస్పత్రికి రానక్కర్లేదన్నమాట."

"ఎందుకొస్తారమ్మా? పీడ విరగడైపోయిందిగా!"

ఆమె వరండా వైపు చూసింది. ఫోనులో ఇంకా క్లచ్ నడుస్తూనే ఉంది.

కట్టు రెండు దొప్పలుగా విడిపోయింది. లోపలి దూది పొరల్లోంచి ఏదో జారి బల్లమీద పడింది. దురద పుట్టినప్పుడు గోక్కోవడానికని జనం కట్టులోకి దూర్చిన పుల్లలు, చెంచాలు, దువ్వెనలు చూశాడు కాంపౌండరు. నాలుగు మడతలు పెట్టిన ఫొటో చూడటం ఇదే మొదలు.

"ఇదొక్కటే మిగిలింది," అందామె గొంతు తగ్గించి. "పోయిన నెలే తీశాను. మీరు దాన్ని ఎప్పుడూ చూళ్ళేదు కదూ?"

కాంపౌండరు మడతలు విప్పాడు.

ఫొటోలో, ఇప్పుడు కొక్కేనికి వేలాడుతున్న ఆ హెల్మెట్లోనే, ఇంకో కుక్కకి కూడా చోటు మిగిల్చి, ఒక్క పన్నూ లేని బుల్లి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది పన్నెండేళ్ళ రౌడీ.