చలికి పడుకున్నది

"డబ్బా ఖాళీగా ఉందేంటి? ఏం తెచ్చావు ఇందులో?"

అశ్విని టీచర్ అడిగింది. బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు గడ్డి తప్ప ఏమీ లేదు. మూత వదులుగా ఉంది.

"పామండి," అంది రెండో తరగతి వీరదుర్గ, కళ్లు మెరిపిస్తూ. "చలికి పడుకుందండి. మా పెరట్లో ఇటుకల కింద దొరికింది. ఎంత కదిపినా లేవలేదండి. గరిటెతో తీసి డబ్బాలో పెట్టాను."

అశ్విని చేతిలోంచి డబ్బా జారిపోయింది.

ముందురోజే ఆమె ఆ పాఠం చెప్పింది. చలికాలంలో కప్పలు బురదలో దూరతాయని, నత్తలు గుల్ల మూసుకుంటాయని, పాములు కన్నాల్లో చుట్టుకుని పడుకుంటాయని. మీ ఇళ్ల దగ్గర అలాంటివి ఏమున్నాయో చూసి రండి అంది. గణేష్‌బాబు నాలుగు నత్తలు తెచ్చాడు. ఇంకెవరో ఆకుకి అంటుకున్న పురుగు గూడు తెచ్చారు. పొద్దుట్నుంచీ అందరి చేతా చప్పట్లు కొట్టిస్తూనే ఉందామె.

"చూసి రమ్మన్నాను గానీ తెమ్మన్నానా? మూత ఎందుకు వదులు చేశావు?"

"ఊపిరాడదనండి..."

డబ్బా పొద్దున్న తొమ్మిదింటి నుంచి వీరదుర్గ సంచీలోనే ఉంది. ఆ సంచీ మిగతా ఇరవైఒక్క సంచీలతో కలిసి గోడవార ఉంది. మంచు విడిపోయి గంట దాటింది. కిటికీలోంచి ఎండ సూటిగా ఆ గోడ మీదే పడుతోంది. గది వెచ్చగా ఉంది.

"ఎవరూ సంచీలు ముట్టుకోవద్దు. లేవండి. బయటికి నడవండి. పరిగెత్తకండి."

పిల్లలు వరండా దిగి కాలవ గట్టు పక్కనున్న ఖాళీ జాగాలోకి వచ్చారు. అశ్విని ఒక్కొక్కరి కాళ్లూ చేతులూ తడిమి చూసింది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవైరెండు మంది. ఎవరి ఒంటి మీదా గాటు కనిపించలేదు.

"ఎలాంటి పామే అది? చెప్పు!" అంటూ వీరదుర్గ భుజాలు పట్టి కుదిపింది. "పడగ ఉందా? ఎంత పొడుగుంది? ఎవరికైనా ఏమైనా అయితే ఎవరే దిక్కు?"

పిల్ల నోరు తెరిచింది. అశ్విని చెయ్యి దానంతటదే లేచి చెంప మీద పడింది. అంతే, వీరదుర్గ పెదాలు బిగుసుకుపోయాయి. గౌను తడిసిపోయింది.

వంట చేసే అచ్చాయమ్మ అప్పటికే ఫోన్ చేసింది. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే పోతురాజు బండేసుకుని పది నిమిషాల్లో వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పాము దూరినా అతన్నే పిలుస్తారు.

"ఏం పామండి?"

"తెలీదండి. ఆ పిల్ల నోరు విప్పట్లేదు."

పోతురాజు ఇనప కొక్కెం పట్టుకుని లోపలికెళ్లాడు. బల్ల జరిపిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అచ్చాయమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి వరండా మెట్టు దగ్గర నించుంది.

లోపల ఏదో ఇనప సామాను పెద్ద చప్పుడుతో పడింది.

"దొరికేసిందండీ!"

పోతురాజు బయటికొచ్చాడు. చేతిలో తోక పట్టుకుని వేలాడదీసిన పాము మెలికలు తిరుగుతోంది. ట్రంకుపెట్టె వెనకాల నక్కిందట.

"భయపడకండి. నీళ్లపాము. విషం లేదు," అన్నాడు నవ్వుతూ. "అదే తెల్ల చారల కట్లపామైతేనా, కరిచినట్టు కూడా తెలీదండి. చిన్నపిల్లలైతే అలా మత్తుగా పడుకుండిపోతారు."

అశ్విని వరండా మీద కూలబడింది. పోతురాజు పామును కాలవలో వదిలేస్తే పిల్లలు గట్టు మీద నిలబడి కేకలు పెట్టారు. అతను బండెక్కి వెళ్లిపోయాడు.

"అన్నం చల్లారిపోతంది, పిల్లల్ని పళ్లేలు తెచ్చుకోమనండమ్మా," అంది అచ్చాయమ్మ.

"వెళ్లండి, వెళ్లండి," అంది అశ్విని. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ గదిలోకి పరిగెత్తారు.

వీరదుర్గ ఒక్కతే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అశ్విని దగ్గరికి తీసుకుని తన శాలువా కప్పింది. ఎర్రబడిన చెంప నిమిరింది.

"కొట్టేశాను కదూ. నాకూ భయమేసిందమ్మా. తప్పు నాదే, ఆ పాఠం అలా చెప్పకూడదు. ఇంక ఏడవకు. నీ పాముకి ఏమీ కాలేదు, హాయిగా కాలవలోకి పోయింది. చూశావు కదా?"

వీరదుర్గ అడ్డంగా తల ఊపింది.

"ఏంటమ్మా? చెప్పు. ఇంక తిట్టన్లే."

లోపల పిల్లలంతా గోడవార కూర్చుని, సంచీలు ఒళ్లో పెట్టుకుని, చేతులు లోపలికి దూర్చి పళ్లేల కోసం వెతుక్కుంటున్నారు.

"అది నాది కాదండి," అంది వీరదుర్గ వెక్కుతూ. "నాదానికి ఒళ్లంతా తెల్ల చారలుంటాయండి."