చెంప దగ్గర చెక్క

“ఆగు బాబూ, కాస్త ఆగు!”

ఉలి పట్టుకున్న కార్లిస్ చెయ్యి అలాగే ఆగిపోయింది.

షెడ్డు గుమ్మంలో ఎవరో పెద్దాయన. నెత్తిన ఉన్ని టోపీ, కళ్ల కింద నుంచి మెడ దాకా మఫ్లర్. బయట మంచు కురుస్తోంది కాబట్టి అందులో వింతేమీ లేదు.

“ఎవరు కావాలండీ?”

“హోబర్ట్ పనిచేసుకున్న చోటు ఒకసారి చూసి పోదామని వచ్చాను.”

“ఆయన మా నాన్నేనండీ. ఆకులు రాలే రోజుల్లోనే పోయాడు.”

“తెలుసు బాబూ.”

మాట ముద్దముద్దగా ఉంది. చలికి కాబోలనుకుని కార్లిస్ కాఫీ పోసిచ్చాడు. పెద్దాయన కప్పు పట్టుకున్నాడే గానీ తాగలేదు. చూపంతా బల్లకు బిగించి ఉన్న తుపాకీ మీదే.

గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు పొడుగు తుపాకీ అది. కొట్లో దొరికే వస్తువు కోసం ఏడాది పాటు ఉలీ ఆకురాయీ పట్టుకు కూర్చునే పిచ్చి ఆ కొండల్లో చాలామందికి ఉంది. హోబర్ట్‌కు కాస్త ముదిరింది, అంతే.

ఆయన ఒక్కటీ అమ్మలేదు. దర్జీ చొక్కాకు కొలతలు తీసినట్టు మనిషి చెయ్యీ మెడా ముఖమూ చూసి, ఆ ఒక్కరికే సరిపోయేలా చెక్కి చేతిలో పెట్టేవాడు. పూర్తయ్యేదాకా ఎవరికోసమో చెప్పేవాడు కాదు. పాస్టరుగారికి చేశాడు. మంగలికీ చేశాడు. కొడుక్కి మాత్రం చెయ్యలేదు.

కార్లిస్ అడగలేదు. అడిగి చేయించుకుంటే దానికి విలువేముంది?

“ఇది నాన్న చేసిన ఆఖరిది. సగంలో ఉండిపోయింది. నాకోసమేనండీ.”

“నీతో అన్నాడా?”

“అనలేదు. ఊళ్లో అందరికీ అయిపోయాయి. ఇక మిగిలింది నేనేగా!”

నవ్వబోయాడు కార్లిస్. బల్ల మీది పొట్టు చేత్తో తుడిచేశాడు.

పెద్దాయన దగ్గరికొచ్చాడు. తుపాకీ మడమకు ఎడమ పక్కన, చెంప ఆనించే చోట చెక్క ఉబ్బెత్తుగా ఉంది. దానిమీద మెల్లగా బొటనవేలితో రాశాడు.

“దీన్నెందుకు తీసేస్తున్నావు?”

“కొత్తవాళ్లే ఇంత చెక్క వదిలేస్తారండీ. నేను మొదటిసారి చెక్కినప్పుడు ‘ఒరే, ఇది తుపాకీయా, కంచె గుంజా?’ అని నాన్న ఒకటే నవ్వు. అలాంటివాడు ఇంత ముద్ద వదిలేశాడంటే... చివర్లో ఓపిక లేదు పాపం, చేతులు వణికేవి.”

తుపాకీ ఊడదీసి భుజానికెత్తి చూపించాడు.

“చూడండి, బుగ్గకు అడ్డం పడుతోంది. గురే కుదరట్లేదు. ఈ కాస్తా తీసేస్తే నాకు అతికినట్టు ఉంటుంది.”

పెద్దాయన ఏదో అనబోయాడు. మఫ్లర్ కదిలి ఆగింది.

కార్లిస్‌కేసి చూస్తూ ఉండిపోయాడు. నలభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపే మనిషి, పుట్టినరోజు పిల్లాడిలా ఆ తుపాకీని గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు.

“అవునులే. నీకోసమే అయ్యుంటుంది,” అన్నాడు చివరికి. “తండ్రి కొడుక్కి చెయ్యక ఇంకెవరికి చేస్తాడు? కానీయ్ బాబూ.”

ఉలి కదిలింది. పేళ్లు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి. ఆ కాస్త చెక్కా పోయేదాకా పెద్దాయన కదలకుండా చూశాడు. తర్వాత వంగి గుప్పెడు పేళ్లు ఏరి జేబులో పెట్టుకున్నాడు.

“పొయ్యి రాజేసుకోవడానికా? ఎండుకట్టెలిస్తాను, పట్టుకెళ్లండి.”

“వద్దులే. ఇవి చాలు.”

బయట ఎవరిదో ట్రక్కు కదిలిన చప్పుడైంది. అయ్యో, పేరైనా అడగలేదే అనుకున్నాడు కార్లిస్. మళ్లీ పనిలో పడి మరిచిపోయాడు.

వసంతంలో హోబర్ట్ పేరు మీద గురి పందెం పెట్టారు. ఊరంతా వచ్చింది. ఒకపక్క చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి, మొక్కజొన్న రొట్టెలు కాలుతున్నాయి. కార్లిస్ పేల్చిన మొదటి గుండే సరిగ్గా గురి మధ్యలో తగిలింది.

“ఎలా ఉంది వర్లిన్ బాబాయ్, మా నాన్న తుపాకీ?”

వర్లిన్, హోబర్ట్ చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగినవాళ్లు. వర్లిన్ తుపాకీ అందుకుని నిమిరాడు. చెంప ఆనే చోట అతని చెయ్యి ఆగింది.

“ఇక్కడి చెక్క తీసేశావన్నమాట.”

“నాన్న ఓపిక లేక వదిలేశాడు బాబాయ్.”

“వదల్లేదురా. అది అక్కడ ఉండాలనే వేసవంతా కూర్చుని చెక్కాడు.”

“ఎందుకు?”

“కొండవతల థర్మన్ అని ఉండేవాడు. గురి తప్పని మనిషి. సామిల్లులో దుంగ తగిలి కుడి దవడ పోయింది. ఆ తర్వాత తుపాకీ ఎత్తితే ఆనించుకోవడానికి చెంపే లేదు. ‘పోయినంత మేరా చెక్కతో పూడుస్తాను రా’ అన్నాడు మీ నాన్న.”

కార్లిస్ చూపు తను నున్నగా చెక్కేసిన చోట పడింది.

“అయితే నాకోసం కాదన్నమాట.”

“నీది దీని తర్వాతేనన్నాడురా. ఆ తర్వాతది రాలేదు.”

“మరి నాకు ముందే చెప్పొచ్చుగా బాబాయ్!”

“చెప్పొద్దని థర్మన్ ఒట్టేయించుకున్నాడు. మొన్న మార్చిలో పోయాడు, ఇంక ఒట్టేముంది. ఆ రోజు మంచులో మీ షెడ్డుకి తీసుకొచ్చింది నేనే. తుపాకీ తెచ్చుకుంటానని లోపలికెళ్లినవాడు ఉత్త చేతులతో వచ్చాడు. ఏమైందిరా అంటే, ‘చేరాల్సినవాడికే చేరిందిలే, పద’ అన్నాడు.”

“ఉత్త చేతులతో కాదు బాబాయ్,” అన్నాడు కార్లిస్. “ఈ చెక్క పేళ్లు... గుప్పెడు...”

వర్లిన్ తుపాకీ తిరిగి కార్లిస్ చేతికిచ్చాడు.

“వాడి గుప్పిట్లో ఉన్నవి అవా! ఇల్లు చేరేదాకా మఫ్లర్ లోపల చెంపకు ఆనించుకుని కూర్చున్నాడురా.”