టోకెన్ నంబర్ రెండొందల పన్నెండు

మునిశేఖర్ పగ పట్టి సరిగ్గా పదకొండు నెలలయింది. పగంటే అట్లాంటిట్లాంటి పగ కాదు. కంచంలో ముద్ద పిసికేటప్పుడు కూడా అది భానుచందర్ గొంతే అనుకోని పిసికేవాడు.

ఈ భానుచందర్ చిత్తూరు బైపాస్ కాడుండే మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేనేజరు. పోయిన జూన్‌లో మునిశేఖర్ వాళ్ళ నాయన గోవిందస్వామి, ట్రాక్టర్ నిండా తోతాపురి కాయలేసుకోని ఆ ఫ్యాక్టరీకి పోయినాడు. టోకెన్ రాయించుకున్నాడు. రెండొందల పన్నెండు. వంతు రాంగానే ఫోన్ చేసి పిలుస్తారు, అప్పుడు గేటు లోపలికి పోవాల. అదీ ఆ ఫ్యాక్టరీ పద్ధతి.

ఆ పొద్దు ట్రాక్టర్ల వరస ఎంత పొడుగంటే, ముందుండే డ్రైవర్‌కు పెండ్లయిన కబురు వెనకుండే డ్రైవర్‌కు చేరేలోపల ఆయప్పకు ఇద్దరు బిడ్డలు పుట్టిండాల. గోవిందస్వామి మూడు దినాలు ఎండలో కూర్చున్నాడు. పిలుపు రాలేదు. కాయలు కుళ్ళిపోయినాయి. ఆ కంపుకు యాడో తమిళనాడు బార్డరులో తడ ఊరి కాడ పోయే లారీలోళ్ళు కూడా అద్దాలు ఎత్తుకున్నారంట.

కాయలన్నీ గుంతలో పారబోసి ఇంటికొస్తే, ఊరోళ్ళు "కుళ్ళు గోవిందు" అని పేరు పెట్టినారు. ఆ పొద్దు నుంచి ఆయన మామిడితోపులో కాలు పెట్టలేదు. ఇల్లు దాటింది లేదు.

"మన వంతు ఎవురికిచ్చినారు నాయనా?" అని మునిశేఖర్ అడిగితే, "మన టైం బాగలేదులేరా" అనేసి గోడ దిక్కు తిరిగి పండుకునేవాడు.

మునిశేఖర్‌కు ఇంకేం చెప్పాల? భానుచందర్ బామ్మర్దికి మామిడికాయలు తోలే లారీలు నాలుగుండాయి. లెక్క కుదిరిపోయింది.

మునిశేఖర్‌ది తిరుపతిలో రిపోర్టులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఈ ఏడు ఫ్యాక్టరీ ఓనరు శ్రీమన్నారాయణకు ఒక ఆలోచన వచ్చింది. ఎవుర్ని ఎప్పుడు పిలిచినారో, ఎవురు లోపలికి పోయినారో, గేటు కాడ పెద్ద టీవీలో అప్పటికప్పుడు రైతులందరికీ కనబడాలన్నాడు. ఆ పని ఈ కంపెనీకే వచ్చింది. "నేను పోతా!" అని మునిశేఖర్ లేచిన ఊపుకు కుర్చీ పోయి గోడకు కొట్టుకునింది.

ఫ్యాక్టరీలో భానుచందర్ సూడంగానే గుర్తుపట్టేసినాడు.

"నువ్వు గోవిందస్వామి కొడుకువి కదప్పా?"

"అవును సార్. బాగా గుర్తుండాదే."

ఆయప్ప మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. "ఇదిగో, నేను రోజూ రాసే ఎక్సెల్ షీటు. నీ రిపోర్టుకు దీన్నే తగిలించు, సాలు. క్లౌడ్ జోలికి పోవద్దు."

మునిశేఖర్ షీటు తెరిచి పోయినేడుది సూసినాడు. రెండొందల పదకొండు ఉండాది. రెండొందల పదమూడు ఉండాది. పన్నెండు లేదు.

దొంగ దొరికినాడు!

"ఓనరు లైవ్ అన్నాడు సార్. లైవ్ అంటే లైవే."

అసలు వివరమంతా క్లౌడ్‌లో ఉండాది. అంటే యాడో దూరాన, భానుచందర్ చెయ్యి చేరని కంప్యూటర్‌లో. గేటు కాడి మిషన్ ఏం చేసినా తనంతట తానే ఆడ రాసేస్తాది. మునిశేఖర్ అడ్రస్ కొట్టినాడు, పాస్‌వర్డ్ కొట్టినాడు. నువ్వెవురో నాకు తెలీదు పో అని అది మూడుసార్లు తరిమింది. నాలుగోసారి తలుపు తీసింది. కాపీ తెచ్చుకుంటావా, నేరుగా సూస్తావా అని అడిగింది. 'నేరుగా' అని నొక్కిన నొక్కుడుకు మౌసు కుయ్యోమనింది.

అంతలో ఓనరు లోపలికొచ్చి మునిశేఖర్‌ను తగులుకున్నాడు. "ఏమప్పా, పొద్దున్నించి నాలుగుసార్లు ఫోన్ చేసినా. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"తెలీని నంబర్లు నా ఫోన్లో మోగవు సార్. లోన్ కావాల్నా, కార్డు కావాల్నా అని పీక్కు తింటా ఉంటే రెండేండ్ల కిందటే నోరు మూయించేసినా."

ఓనరు పకపకా నవ్వినాడు. "గట్టోడివే!"

సీజన్ మొదలయ్యే దినం వచ్చింది. షామియానా కింద మూడొందల మంది రైతులు. మునిశేఖర్ మైకు అందుకోబోతా ఉంటే ఫోన్ మోగింది. పక్కింటి రుక్మిణమ్మ పేరు పడింది. ఎత్తితే నాయన.

"శేఖరా, రుక్మిణమ్మను ఫోన్ అడుక్కోని చేస్తా ఉండా. ఆ పాతది తవ్వొద్దురా. నీకు దండం పెడతా."

"నీకు భయం నాయనా, నాకు లేదు. ఈ పొద్దుతో నీ పేరు కడిగేస్తా సూడు."

"నా పేరు ఎట్లైనా పోనీరా..."

మునిశేఖర్ ఫోన్ పెట్టేసినాడు. తిరిగి సూస్తే భానుచందర్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, ఈ ఏడుది సూపించు. పోయినేడుది వద్దు. నా మాట వద్దు, మీ నాయన మాటైనా ఇను."

"చెయ్యి తీయండి సార్."

తీసినాడు. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మునిశేఖర్‌కు పదకొండు నెలల ఆకలి ఒక్కసారిగా తీరినట్టయింది.

"అన్నలారా!" అన్నాడు మైకులో. "కుళ్ళు గోవిందు, కుళ్ళు గోవిందు అని నవ్వినారే. ఆ కాయలు ఎవురి వల్ల కుళ్ళినాయో మీ కండ్లతోనే సూడండి! ఇది మనిషి రాసింది కాదు, మిషన్ రాసింది!"

రెండొందల పన్నెండు కొట్టి నొక్కినాడు.

మూడొందల మంది ముందర టీవీ మీద గోవిందస్వామి వరస పడింది: వంతు వచ్చిందని చేసిన ఫోన్లు తొమ్మిది, ఎత్తినవి సున్న, రైతు రాయించిన ఫోన్ నంబర్ మునిశేఖర్‌ది.