చేదెక్కని నేలవేము

"మొన్న ఓ వరసకి పోషకాల నీళ్ళు ఆపేశారు. ఇప్పుడు దీపాలు కూడా దించితే మొక్కలు మాడిపోతాయండీ!" భార్య అతని చెయ్యి పట్టుకుంది.

"మాడనీ! సుఖంగా పెరిగితే నేలవేముకి చేదెక్కదు. దాన్ని ఏడిపించాలి."

అతను చెయ్యి విదిలించుకుని గొలుసు వదిలాడు. ఎండ చొరని ఆ షెడ్డులో మొక్కలకి సూర్యుడి బదులున్న దీపాల చట్రం ఆకుల నెత్తిమీదికి దిగింది.

సాయంత్రం మందుల తయారీదారు వస్తాడు. ఆకు నమిలి చూస్తాడు. చేదుంటే పంటంతా కొంటాడు, లేదంటే షెడ్డుకి తాళమే.

అతను తెల్ల దీపాల వరసలో ఆకు నమిలాడు. చప్పన. ఎర్ర దీపాల వరసలోనూ చప్పనే. కడుపు మాడ్చిన వరసైనా ఆదుకుంటుందనుకుంటే అదీ గడ్డిపోచలాగే ఉంది. అతనికి ఏడుపొచ్చింది.

"పోనీ, నన్నో ఆకు నమలనివ్వండి."

"కూరలో ఉప్పే సరిగ్గా చూడలేవు, నువ్వు చేదు చూస్తావా? ఇన్నేళ్ళూ మన పంట నడిచింది ఈ నాలుక మీద!"

ఆమె నొచ్చుకోలేదు. అతను ఉప్పు మాటెత్తి ఎన్నాళ్ళయిందో! ఆమధ్య జ్వరం పడి లేచాక మనిషే మారిపోయాడు. ఏం వండిపెట్టినా వంక పెట్టకుండా తింటున్నాడు. ఆ జ్వరానికి దండం పెట్టాలి అనుకుని ఆకు మాట వదిలేసింది.

మధ్యాహ్నం దాటేసరికి ఆకుల అంచులు ముడుచుకున్నాయి. నమిలాడు. చేదు లేదు. దీపాల వెలుగు పూర్తిగా పెంచేశాడు. పొద్దువాలేసరికి షెడ్డంతా కమురు వాసన.

తయారీదారు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటయ్యా ఇది? అంతా మాడ్చేశావు!"

"చేదెక్కలేదండీ. ఎంత ఏడిపించినా ఎక్కలేదు."

తయారీదారు ఓ ఎండుటాకు తుంచి నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు.

"అమ్మో! ఇంత చేదు నేనెక్కడా చూళ్ళేదు. పచ్చగా ఉన్నప్పుడు పిలిస్తే కళ్ళు మూసుకుని కొనేవాణ్ణి కదయ్యా! ఈ బొగ్గు నేనేం చేసుకోను? అమ్మా, కాస్త పంచదార ఉంటే పెట్టు తల్లీ."

ఆమె పరుగున డబ్బా తెచ్చింది. అతను తయారీదారు వంకా, మాడిన మొక్కల వంకా వెర్రిగా చూశాడు. డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఇదేమిటే," అన్నాడు భార్యతో, "పంచదార కూడా చప్పగా ఉంది?"