బ్రాకెట్టు బయటి రెండు

మునిరత్నం సారు చేతిలో సుద్దముక్క విరిగింది. మిగిలిన తునకతోనే బ్రాకెట్టు మూసి, దాని కాళ్ల దగ్గర చిన్న రెండు వేశాడు.

(NH₄)₂SO₄.

"చేలో చల్లే అమ్మోనియం సల్ఫేటు ఇది," అన్నాడు తమిళంలో. "ఒక అణువులో హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని?"

తిరువళ్లూరు బడిలో తొమ్మిదో తరగతి. ఆఖరి బెంచీలో వనజాక్షి తల వంచుకుని కూర్చుంది.

అత్తిమంజేరిపేటలో ఎనిమిది దాకా తెలుగులో చదివిన పిల్ల. నాయనకు ఇక్కడి మిల్లులో పని దొరికి, ఈ ఏడే బడి మారింది. తమిళం గలగలా మాట్లాడుతుంది. అక్షరాలే రావు.

వచ్చిన కొత్తలో పాఠం చదవమంటే, లేచి నిలబడి పుస్తకం వంక చూస్తూ ఉండిపోయింది. క్లాసంతా నవ్వింది. పక్కన కూర్చునే కుప్పమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఈ పొద్దున నాయనతో చెప్పేసింది.

"నేనింక బడికి పోను నాయనా. నన్ను అవ్వ దగ్గరికి పంపించెయ్. మగ్గం నేర్చుకుంటా."

నాయన రాజమాణిక్యం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు.

"ఈ వారం పోయిరా మే. ఆదివారం అవ్వ వస్తాది. ఆమెతో పోదువులే."

"నాలుగు సార్," అన్నారెవరో క్లాసులో ముందు బెంచీలోంచి.

"నాలుగూ రెండూ ఆరు సార్," అంది కుప్పమ్మ.

సారు తల అడ్డంగా ఊపాడు.

వనజాక్షి తలెత్తి చూసింది. బోర్డు మీద తమిళం లేదు. తెలుగూ లేదు. పేటలో నేర్చుకున్న గుర్తులే, అచ్చంగా అవే.

చెయ్యి ఎప్పుడు ఎత్తిందో ఆమెకే తెలియదు.

ఎవరో కిసుక్కుమన్నారు. సారు సుద్దముక్క అందించాడు.

నైట్రోజన్ రెండు. హైడ్రోజన్ ఎనిమిది. సల్ఫర్ ఒకటి. ఆక్సిజన్ నాలుగు. కింద గీత గీసి, పదిహేను వేసింది.

"ఎనిమిది ఎట్లా?"

వనజాక్షి తమిళంలోనే మొదలుపెట్టింది. సగంలో అది తెలుగైపోయింది.

"బయటుండే రెండు, బ్రాకెట్టు లోపలుండే అందరిదీ సార్. నాలుగు రెళ్లు ఎనిమిది. సల్ఫరు బయట ఉండాది, దానికి తగల్దు."

అప్పటికి గాని ఏ భాషలో మాట్లాడిందో తెలిసిరాలేదు. నాలిక కరుచుకుంది.

"యాడ నేర్చినావు మే?" అన్నాడు సారు. తెలుగులో.

"అత్తిమంజేరిపేట సార్."

"మాది మీ పక్కనే, పొదటూరుపేట. అరవం అక్షరాలు నాకూ మీసాలొచ్చినాకే వచ్చినాయి."

ఈసారి కూడా క్లాసంతా నవ్వింది. వనజాక్షి కూడా నవ్వింది.

మధ్యాహ్నం కుప్పమ్మ టిఫిన్ డబ్బా ఆమె వైపు జరిపింది.

"మా ఇంట్లోనూ తెలుగే. అది చదివేదే రాదు. ఆరు యాల కాదో ఇంకొక తూరి చెప్పు."

"చెప్తా. నువ్వు ఈ పాఠం నాకు చదివి చూపించాల."

కుప్పమ్మ పుస్తకం తెరిచి, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

ఆదివారం పేట నుంచి అవ్వ వచ్చింది. గడపలో నిలబడే పిలిచింది.

"వనజా! గుడ్డలు సర్దుకుంటివా? తిరుత్తణి బస్సుకు టైమాయె."

ఇంట్లోంచి రాజమాణిక్యం వచ్చాడు.

"అది కుప్పమ్మోళ్లింటికి పోయిండాదిమా."

"ఎప్పుడొస్తాది?"

రాజమాణిక్యం తల్లి చేతిలోని సంచి అందుకుని, చాప పరిచాడు.

"ఇప్పుడే రాదులే. నువ్వు కాఫీ తాగు."