షేట్‌కు బస

"బావా, మంచం పక్కన్నే ఫోన్ ఉన్నది. పండుకొనే బొంబాయితోని మాట్లాడొచ్చు!" అన్నాడు రాయమల్లు. హైదరాబాదులో రెండు పెద్ద హోటళ్లు చూసి, ఆ పొద్దున్నే ఆదిలాబాదులో రైలు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా బావ జిన్నింగు మిల్లుకు వచ్చాడు.

గట్టయ్య పత్తిగింజ ఒకటి గోటితో నొక్కి చూస్తున్నాడు. "రెండోది ఎట్లున్నది?"

"గుల్షన్ మహల్. హిమాయత్‌సాగర్ దిక్కు, ఊరికి శానా దూరం. నవాబు బంగళానట. తోట, నెమళ్లు, పాలరాతి మెట్లు అన్నీ ఉన్నయ్. ఫోనే లేదు. తీగలు ఇంక అంత దూరం రాలేదట. మనకెందుకు బావా అది? ఆబిడ్స్‌ల రాయల్ దర్బారే మంచిగుంటది."

"నెమళ్లదే ఖాయం చెయ్యి. రెండు గదులు."

"ఫోన్ లేనిదా బావా?" అన్నాడు రాయమల్లు.

ఆదిలాబాదు పత్తి బజారులో ఒక మర్యాద ఉంది. పెద్ద సరుకు కొనడానికి వచ్చినవాడి బస, భోజనం అమ్మేవాడివే. అతిథిని ఒంటరిగా వదలకుండా తనూ అదే కప్పు కింద పడుకోవాలి. గట్టయ్య లెక్కలో మర్యాద కూడా పెట్టుబడే. బొంబాయి మిల్లులకు పత్తి కొనే జమనాదాస్ షేట్ ఎప్పుడూ ఒక్కడే తిరుగుతాడు. ఈసారి హైదరాబాదులో కలుద్దామని కబురు పెట్టాడు. ఆదివారం దిగి మంగళవారం పోతాడు. గట్టయ్య గోదాములో నాలుగు వందల బేళ్లున్నాయి. అవి మంచి ధరకు పోతే మిల్లు నడుస్తుంది. లేకుంటే వచ్చే దసరాకు గేటుకు తాళమే.

"కబురు తెచ్చిన షేట్ గుమాస్తా మొన్న నోరు జారిండు," గొంతు తగ్గించాడు గట్టయ్య. "సోమవారం బొంబాయిల అమెరికా పత్తి ఓడ దిగుతదట. దిగితే మన రేటు బోర్ల పడుతది. షేట్ నాగపూర్ దిక్కు తిరుగుతుండు, ఆయనకు ఇంక తెల్వది. ఆబిడ్స్‌ల దించినమనుకో, పొద్దుగాల్నే బొంబాయికి ఫోన్ కొడ్తడు. నెమలికి ఫోన్ కొట్టరాదు గద!"

"నీ బుర్ర బుర్ర గాదు బావా! నేను గూడ వస్త."

"నువ్వు రాకు. నీ నోట్ల నువ్వుగింజ నానది. మంగళవారం వచ్చి తోల్కపో."

ఆదివారం నాంపల్లి స్టేషన్లో షేట్ దిగాడు. ఏటా ఆదిలాబాదు వచ్చి వచ్చి తెలుగు బాగా పట్టుబడిన మనిషి.

"షేట్, రెండు హోటళ్లు చూసిపెట్టిన," అన్నాడు గట్టయ్య. "ఒకటి ఊరి నడిమిట్ల. మోటర్లు, గంటలు, ఒకటే లొల్లి. ఇంకోటి సాగర్ దిక్కు. సల్లగాలి, తోట, నెమళ్లు."

"ఫోన్ ఉన్నదా అక్కడ?"

గట్టయ్య షేట్ పెట్టె అందుకున్నాడు. "ఫోనైతే... లేదు షేట్."

షేట్ తలూపాడు. "రెండు రోజులు ఆ గంట మోగకుంటే పానం హాయిగుంటది. అక్కడికే పోదాం. కని ఒక్క షరతు. నువ్వు నన్ను జరసేపు గూడ ఇడిచిపోవద్దు. ఒక్కన్నైతే నాకు బువ్వ దిగది."

"అయ్యో, గదేం మాట షేట్! మీ ఎంబడే ఉంట." గట్టయ్యకు కావలసింది కూడా అదే.

మాట మీద నిలబడ్డాడు. షేట్ తోటలోకి పోతే తోటలోకి, నీళ్ల ఒడ్డుకు పోతే ఒడ్డుకు. షేట్ స్నానం చేస్తుంటే తలుపు బయట కుర్చీ. సోమవారం పొద్దున షేట్ పేపరైనా అడగలేదు. గట్టయ్య పేపరు మాట ఎత్తనైనా ఎత్తలేదు.

"ఊళ్లెకు పోయి రావాల్నా గట్టయ్యా, పనేమన్న ఉంటే?" అని షేట్ ఒకసారి అడిగాడు.

"మీకంటె పనేమున్నది షేట్!"

సాయంత్రం తోటలో ఇద్దరి చేతులూ తువ్వాల కిందికి పోయాయి. నోటితో ధర చెబితే పక్కవాడు వింటాడని పత్తి బజారులో వేళ్లు పట్టుకునే బేరం చేస్తారు. పక్కన నెమలి తప్ప ఎవరూ లేరు, అయినా అలవాటు. గట్టయ్య పాత రేటే వేళ్లు పట్టి చూపాడు. ఒక్క వేలైనా తగ్గించమనకుండా షేట్ చెయ్యి బిగించాడు. బిగించిన చెయ్యి వదిలాక బేరం వెనక్కి పోదు. ఆ రాత్రి గట్టయ్యకు షేట్ మీద జాలి కూడా కలిగింది.

మంగళవారం తెల్లారగానే షేట్ టాక్సీలో వెళ్లిపోయాడు. గట్టయ్య చాయ్ తాగుతుండగా రాయమల్లు రొప్పుతూ మెట్లెక్కాడు.

"బావా, అమ్మినవా?"

"అమ్మక? పాత రేటుకే!"

రాయమల్లు పాలరాతి మెట్టు మీద కూలబడ్డాడు. "ఓడ లేదు, గీడ లేదు, ఆ గుమాస్తా మాట ఉత్తదే! నిన్న పొద్దుగాల సంది బొంబాయిల రేటు ఎగురుతున్నది. మన బజార్ల అందరు సరుకు ఆపుకున్నరు. నీకు చెప్దామంటె ఈడ ఫోన్ లేదాయె!"

గట్టయ్య చాయ్ కప్పు కింద పెట్టాడు. "పోనియ్యి," అన్నాడు. "మిల్లైతే నడుస్తది. షేట్‌కు మాత్రం ఏం ఎరుక? నా ఎంబడే ఉండె గద. గుడ్డి నసీబు ఆయనది."

అప్పుడే మేనేజరు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. "సాబ్, చిన్న పరేషాన్. మీరు గదులు మాట్లాడకముందే షేట్ సాబ్ ఉత్తరం రాసి ఈడ బస ఖాయం చేసుకున్నడు. నిన్న రాత్రి మీరు పండుకున్నంక అడిగితే, గట్టయ్య తీసుకున్నవి ఉన్నయ్ గద, నావి కొట్టెయ్యి అన్నడు. ఈ ఉత్తరం మీకే ఇయ్యాల్నా?"

గట్టయ్య అందుకున్నాడు. షేట్ దస్తూరీయే. తారీఖు చూశాడు. రాయమల్లు హోటళ్లు చూడడానికి రైలెక్కిన రోజుకు వారం ముందుది.

ఎప్పుడూ ఒక్కడే తిరిగే షేట్ అడిగింది రెండు గదులు.