జాబితాలో చివరి పేరు

మిలియన్ మార్చ్ అయిన రెండు నెలలకు, కొత్తపేటలో ఇంటి ఓనరు ఉపేందర్‌కు మెట్ల మీద ఒక కాగితం దొరికింది. ఇంగ్లీషు అక్షరాలే గానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. చివర మాత్రం తన పేరుంది.

తెలంగాణ ఉద్యమంలో తిరిగేవాళ్ల పేర్లు ఎవరో పోలీసులకు చేరవేస్తున్నారని కాలనీ అంతా అనుకుంటోంది. పైన కిరాయికి ఉండే సూర్యప్రభది భీమవరం.

అతను నేరుగా పైకి వెళ్లాడు.

"ఏంది మేడమ్ గీ లిస్టు? నా పేరెందుకు రాసిన్రు?"

"వేసవి సెలవుల్లో చదవాల్సిన ఫ్రెంచి నవలలండీ. నా దగ్గర ఫ్రెంచి నేర్చుకునే ట్యూషన్ పిల్లల కోసం రాశాను."

"నాకు ఫ్రెంచి రాదు గదా!"

"నేను పిల్లలకు తెలుగులో కథ చెబుతుంటే రోజూ కిటికీ పక్కన నిలబడి వింటున్నారుగా. మీకూ ఒకటి అనుకున్నాను. అదీ తెలుగులోనే చెబుతాలెండి."

ఉపేందర్ తల దించుకున్నాడు. ఆమె ఉద్యమం గురించి ఏం మాట్లాడుతుందో కనిపెట్టడానికే అతను అక్కడ నిలబడేవాడు.

కాగితం ఆమె చేతికిచ్చాడు గానీ కిందికి వెళ్లలేదు.

"నిన్నటి కథల రొట్టెలమ్మేటామెను జైల్ల ఏసిన్రు గదా... ఇడిసిపెట్టిన్రా మేడమ్?"